ముందు పరుగెత్తేవాడి బాకీ

పదిమంది కలిసి ఒక కొండ ఎక్కుతున్నారనుకుందాం. అందరి కాళ్ళూ ఒక్కలాంటివి కావు, అందరి గుండెలూ ఒక్కలాంటివి కావు. కాసేపటికే కొందరు ముందూ, కొందరు వెనకా అవుతారు. అప్పుడు ముందున్నవాడు వెనకబడ్డవాడికి ఏమైనా బాకీ ఉన్నాడా? ఉంటే ఎంత? ఆగాలా, వెనక్కి రావాలా, కేకవేసి ఉత్సాహపరచాలా, లేక తన దారిన తాను పోయి కొండకొమ్మున కూర్చున్నా తప్పు లేదా? చూడడానికి ఇది పిల్లల ఆటలో వచ్చే తగవులాగా ఉంటుంది. కాని ఆలోచించినకొద్దీ ఇది ఆటతో ఆగే ప్రశ్న కాదని మాకు తోచింది. అందుకే పత్రికలో నాలుగు పేజీలు దీనికి కేటాయించమని సంపాదకులను అడిగాము.

ఈ ప్రశ్న మాకు బుకిట్ పంజాంగ్‌లో, ఆదివారం ఉదయాల్లో ఎదురైంది. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ, పంజాంగ్ అంటే పొడుగు. ఆ పొడుగు కొండ పేరు పెట్టుకున్న పేటలో ఆరేడు తెలుగు కుటుంబాలవాళ్ళం కలిసి పరుగెత్తుతూ ఉంటాము. ఉదయం ఆరున్నరకు ఇక్కడ ఇంకా చీకటే. జెన్‌హువా పార్కు దారిన ఎక్స్‌ప్రెస్‌వే పక్కగా పోతే డెయిరీ ఫార్మ్ వస్తుంది, అటునుంచి బుకిట్ తిమా అడవి. సింగపూర్ మొత్తానికి ఎత్తైన సహజ స్థలం ఆ బుకిట్ తిమా కొండే. దాని ఎత్తు 164 మీటర్లు. ఏడుకొండలు ఎక్కినవారికి ఈ అంకె వింటే నవ్వు రావచ్చు. ఇక్కడ డక్స్‌టన్‌లో ఉన్న యాభై అంతస్తుల ప్రభుత్వ ఇళ్ళే 156 మీటర్లున్నాయి మరి! అయితే కొండను చూసి నవ్వడం వేరు, దాని రోడ్డుమీద పరుగెత్తడం వేరు. మొదటి మలుపు తిరిగేసరికి నవ్వు సంగతి మరిచిపోయి ఊపిరి సంగతి చూసుకోవలసి వస్తుంది.

మాలో పందెగాళ్ళు ఎవరూ లేరు. బ్యాంకుల్లో కంప్యూటర్లతో కుస్తీ పట్టేవారు, బడిలో పాఠాలు చెప్పేవారు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసేవారు, పిల్లల్ని ట్యూషన్లకు తిప్పి తిప్పి అలిసిన తల్లులు, దేశంనుంచి మూడు నెలలకని వచ్చిన ఒకరిద్దరు పెద్దలు. వీరిలో కొందరు పరుగెత్తుతారు, కొందరు నడుస్తారు, కొందరు నడుస్తూ దాన్నే పరుగంటారు. అన్నీ చెల్లుతాయి.

ముందుగా ఒక లెక్క చూద్దాం. డెబ్బై కిలోల మనిషి వంద మీటర్ల ఎత్తు ఎక్కితే, కేవలం తన బరువును పైకి చేర్చడానికి జరిగే పని సుమారు 16 కిలోక్యాలరీలు. కాని మన కండరాలు ఇచ్చిన శక్తిలో నాలుగోవంతు మాత్రమే పనిగా మార్చగలవు. కాబట్టి ఒంట్లో ఖర్చయ్యేది 65 దాకా ఉంటుంది. మిగతా మూడు వంతులూ వేడిగా మారుతుంది. ఆ వేడిని చెమట తీసుకుపోవాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. అయితే చెమట ఆవిరి కావాలి సుమా! కారి నేలమీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు. సింగపూర్ తెల్లవారుజామున గాలిలో తేమ తరచు తొంభై శాతం దాటి ఉంటుంది. అంటే బట్టలు తడిసి ముద్దవుతాయి గాని వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది.

ఈ లెక్కలో ఒక కఠినమైన సంగతి దాగి ఉంది. ఆ అరవైఅయిదులో ఒక్క క్యాలరీ కూడా ఎవరూ ఎవరికీ అప్పివ్వలేరు. మూట మోయవచ్చు, నీళ్ళసీసా పట్టుకోవచ్చు, గొడుగు పట్టవచ్చు. ఎక్కడం మాత్రం ఎవరికి వారే ఎక్కాలి. తన్ను తానే ఉద్ధరించుకోవాలని గీత ఆరవ అధ్యాయం చెబుతుంది. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవాలనుకునేవారు ఒకసారి ఏటవాలు రోడ్డుమీద పరుగెత్తి చూడవచ్చు.

మరి అలాంటప్పుడు గుంపు దేనికి? ఒంటరిగా ఎక్కితే ఏం పోయింది?

పోయేది ఉంది. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ పరిశోధకుడు సైకిలు పందాల వేళలను పరిశీలించి, మనిషి ఒంటరిగా తొక్కినప్పటికంటే పక్కన మరొకడుంటే వేగంగా తొక్కుతాడని చూపించాడు. మన వాళ్ళకు ఇది ఏనాడో తెలుసు. అలిపిరినుంచి మూడున్నరవేల మెట్లు ఎక్కేవారిని చూడండి. గాలిగోపురం దాకా ఎలాగో వచ్చినవారికి మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు మొరాయిస్తాయి. అప్పుడు ఎక్కడో పైమలుపులో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు "గోవిందా!" అంటాడు. కిందనుంచి వందమంది "గోవిందా!" అంటారు. కాళ్ళు వాటంతటవే లేస్తాయి. భక్తి లేనివాడి కాళ్ళు కూడా లేస్తాయి. ఇందులో మాయ లేదు. నొప్పి ఎంత ఉన్నదో అంతే ఉంటుంది, కాని ఆ నొప్పి నా ఒక్కడిదే అన్న భావం పోతుంది. సగం బరువు ఆ భావానిదే.

ఇలా ఎక్కడంవల్ల మేలు కూడా తక్కువేమీ కాదు. లండన్‌లో రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి జెరెమీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1953లో ఒక అధ్యయనం ప్రచురించాడు. రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్లకంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. వ్యాయామం గురించి ఈ కాలపు వైద్యం చెప్పే మాటలకు పునాది వేసినవాటిలో అదొకటి. టిక్కెట్టు కొట్టేవాడి మెట్లే అంత మేలు చేస్తే, వారానికి రెండుసార్లు కొండెక్కడం ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. తగవంతా ఇక్కడినుంచే మొదలవుతుంది. మనిషిని కదిలించే ఆ శక్తి నిజమైనదైతే, అది మంచికీ పనిచేస్తుంది, చెడుకీ పనిచేస్తుంది. "ఇంకొక్కటి అన్నయ్యా, ఇంకొక్కటే!" అన్న కేక అలసటను దాటిస్తుంది. ఒక్కొక్కసారి దాటకూడని గీతను కూడా దాటిస్తుంది. ఒంటరిగా ఉంటే ఆగిపోయేవాడే నలుగురి మధ్య ఆగడు. కాలు ఆగమన్నా, గుండె ఆగమన్నా, సిగ్గు ఆగనివ్వదు.

వైద్యం వృత్తిగా పెట్టుకున్నందువల్ల ఈ సిగ్గు ఎంత ప్రమాదమో మాకు కొంచెం ఎక్కువ తెలుసు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా ప్రజల సంగతి 2007లో విడిగా ప్రచురించారు. మొదటి గుండెపోటు వచ్చేనాటికి మనవారి సగటు వయసు 53. మిగతా దేశాలవారిది దాదాపు 59. అంటే మనకు ఆరేళ్ళు ముందుగా పిలుపు వస్తున్నదన్నమాట. సన్నగా ఉన్నాం కదా, శాకాహారులం కదా అనుకోవడంవల్ల ఈ లెక్క మారదు.

పరుగే అన్నిటికీ మందు అనుకునేవారు జిమ్ ఫిక్స్ కథ కూడా తెలుసుకోవాలి. 1977లో పరుగుమీద పుస్తకం రాసి లక్షలమంది అమెరికన్లను రోడ్డెక్కించిన మనిషి ఆయన. సిగరెట్లు మానేసి, బరువు తగ్గి, ఏళ్ళ తరబడి పరుగెత్తాడు. 1984 జూలై 20న వెర్మాంట్‌లో పరుగెత్తుతూ రోడ్డు పక్కన పడిపోయి చనిపోయాడు. వయసు 52. ఆయన తండ్రికి 35వ ఏటనే గుండెపోటు వచ్చింది, 43వ ఏట చనిపోయాడు. శవపరీక్షలో ఫిక్స్ గుండె రక్తనాళాలు బాగా పూడుకుపోయి ఉన్నట్టు తేలింది. పరుగు ఆయన్ను చంపిందనడం అన్యాయం. బహుశా తండ్రికి దక్కని కొన్ని సంవత్సరాలు కొడుక్కి పరుగే ఇచ్చి ఉండవచ్చు. కాని పరుగెత్తగలగడం ఆరోగ్యానికి పూచీకత్తు కాదని మాత్రం తెలుస్తున్నది.

మా గుంపులో జరిగిన ఒక సంగతి చెబుతాము. నలభై దాటిన ఒకాయన, హుషారైనవాడు, ఆ ఉదయం ఏటవాలు రోడ్డుమీద మూడోసారి ఎక్కుతూ నెమ్మదించాడు. పైనున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి పిలుస్తున్నారు. ఆయన చెయ్యి ఊపి నవ్వాడు. మాలో అందరికంటే నెమ్మదిగా నడిచే ఒకావిడ అప్పుడు ఆయన పక్కనుంచే వెళుతున్నది. ఆ నవ్వు ఆవిడకు నచ్చలేదు. "ఏమయింది అన్నయ్యగారూ?" అంటే, "ఏం లేదమ్మా, గ్యాసు" అన్నాడు. మన మగవాళ్ళ ఛాతీలో ఏ నొప్పి వచ్చినా దాని పేరు గ్యాసే కదా! ఆవిడ వాదించలేదు. "నాకూ కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అని రోడ్డు పక్కన గట్టుమీద కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు. కూర్చున్నాక అసలు సంగతి బయటికి వచ్చింది. దవడదాకా లాగుతున్నదట, రెండు వారాలుగా ఎత్తు ఎక్కినప్పుడల్లా ఇలాగే ఉన్నదట. మేము దిగి వచ్చేసరికి ఆవిడ 995కి ఫోను చేసి ఉంది. గుండె రక్తనాళం ఒకటి ముక్కాలు భాగంపైన మూసుకుపోయి ఉంది. స్టెంటు వేశారు. ఇప్పుడాయన మాతో నడుస్తున్నాడు.

ఈ ఉదంతంలో మా ఆలోచనను పట్టుకున్నది ఆవిడ చేసిన రోగనిర్ణయం కాదు. ఆవిడ వైద్యురాలు కాదు. ఆవిడ చేసినదల్లా తాను ముందు కూర్చుని, కూర్చోవడానికి ఆయనకు దారి ఇవ్వడం. పైనుంచి చప్పట్లు కొట్టినవారిదీ ప్రేమే, ఇదీ ప్రేమే. ఆ ఉదయం పనికివచ్చినది ఇది. మరొక సంగతి కూడా గమనించాలి. ముందున్నవారికి వెనకవారి ముఖాలు కనిపించవు. వెనకబడ్డవారి పరిస్థితి మరొక వెనకబడ్డవారికే కనిపిస్తుంది.

కొండ, గుంపు, వెనకబడినవారు అంటే తెలుగువాడికి భారతం గుర్తుకు రాకమానదు. తిక్కనగారు తెనిగించిన పర్వాల్లో చివరివైన మహాప్రస్థానిక, స్వర్గారోహణ పర్వాలు మనం ఇంట్లో ఎక్కువగా చదవము. చదివితే మన ప్రశ్నే అక్కడ కనిపిస్తుంది. పాండవులు ద్రౌపదితో సహా హిమాలయాలు దాటి పోతున్నారు. ముందు ధర్మరాజు. వెంట ఒక కుక్క. మొదట ద్రౌపది పడిపోయింది. తరవాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరకు భీముడు. ఒక్కొక్కరు పడినప్పుడల్లా ఎందుకిలా అయిందని భీముడు అడుగుతాడు. ధర్మరాజు వెనక్కి చూడకుండానే కారణం చెబుతాడు. ఆమెకు అర్జునుడిమీద పక్షపాతం. ఇతడికి తన తెలివిమీద గర్వం. ఇతడికి అందంమీద గర్వం. ఇతడు చేయగలిగినదానికంటే ఎక్కువ చెప్పుకున్నాడు. నువ్వేమో తిండిపోతువు, బలంచూసి మిడిసిపడ్డావు. అన్ని కారణాలూ నిజమే కావచ్చు. అయినా చదువుతూంటే గుండెలో ఏదో కలుక్కుమంటుంది. పడిపోయిన మనిషికి కావలసింది కారణమా?

వెనక్కి చూడకపోవడం సన్యాస ధర్మమని పెద్దలు చెబుతారు. సర్వమూ వదిలి బయలుదేరినవాడికి తమ్ముడైనా బంధమే. ఆ వాదం మాకు తెలుసు. కాని కథ అక్కడితో ఆగలేదన్నది కూడా చూడాలి. కొండకొమ్మున ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, వెంట వచ్చిన కుక్కను వదిలి రానంటాడు ధర్మరాజు. ఆ తరవాత స్వర్గంలో తమ్ములు కనిపించక అడిగితే, దుర్గంధమూ చీకటీ నిండిన చోటికి తీసుకుపోతారు. అక్కడినుంచి వెనక్కి తిరగబోతూంటే గొంతులు వినిపిస్తాయి. నీ మీదినుంచి వచ్చే గాలి మాకు హాయిగా ఉంది, కాసేపు నిలబడమంటాయి. ఎవరు మీరంటే, కర్ణుడు, భీముడు, అర్జునుడు, ద్రౌపది. అప్పుడాయన స్వర్గం అక్కరలేదని అక్కడే నిలిచిపోతాడు.

మా చదువు ప్రకారం, కొండమీద వెనక్కి చూడని మనిషిని భారతం మరొకసారి అదే పరీక్షకు నిలబెట్టింది. ఈసారి కారణాలు చెప్పలేదు, నిలబడ్డాడు. వారిని భుజాన వేసుకుని బయటికి తేలేదు. అది ఆయన చేతిలో లేదు కూడా. ఊరికే నిలబడితే వారికి చల్లగా ఉంది. రోడ్డు పక్కన గట్టుమీద కూర్చున్న ఆవిడ చేసిందీ ఇంచుమించు ఇదే.

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి, వస్తుంది కూడా. "అందరూ అందరికోసం ఆగుతూ ఉంటే ఇక పరుగెందుకు? బలమున్నవాడి బలం వృథా కావలసిందేనా? పైగా నాకోసం ఎవరైనా ఆగితే నాకు నామోషీ. నన్ను నా దారిన వదిలేయండి" అని మాలోనే ఒకరన్నారు. ఇది తీసిపారేయదగిన మాట కాదు. దయ పేరుతో ఒకడి కాళ్ళకు బంధం వేయడమూ తప్పే, మరొకడికి చిన్నతనం కలిగించడమూ తప్పే. కాబట్టి దయ ఒక్కటే చాలదు. ఏర్పాటు కావాలి. ముందున్నవాడు త్యాగమూర్తి కానవసరం లేకుండా, వెనకున్నవాడు బిచ్చగాడు కానవసరం లేకుండా, ఇద్దరూ కలిసేటట్టు చేసే ఏర్పాటు.

అలాంటి ఏర్పాట్లలో ఒకటి మన పక్క దేశంలోనే పుట్టింది. 1938లో కౌలాలంపూర్‌లో గిస్పర్ట్ అనే ఆంగ్లేయుడూ అతని మిత్రులూ కలిసి ఒక పరుగు సంఘం పెట్టారు. వాళ్ళు భోంచేసే క్లబ్బులో తిండి రుచీపచీ లేకుండా ఉండేదట. ఆ వెక్కిరింపు పేరే సంఘానికీ పెట్టుకుని హ్యాష్ హౌస్ హ్యారియర్స్ అన్నారు. పరుగు తరవాత వాళ్ళు తాగే బీరు సంగతి మనకు అక్కరలేదు గాని, పరుగు పద్ధతి మాత్రం గమనించదగినది. ఒకరిద్దరు ముందుగా పోయి అడవిలో కాగితం ముక్కలు చల్లి దారి గుర్తులు పెడతారు. మధ్యమధ్య ఆ గుర్తులు ఆగిపోతాయి, దొంగదారులుంటాయి. వేగంగా పోయేవారు ఆ దొంగదారులు పట్టి, తప్పని తెలుసుకుని తిరిగి వచ్చేసరికి, నెమ్మదిగా వచ్చేవారు వారిని అందుకుంటారు. ఎవరినీ ఆగమనలేదు, ఎవరి కాళ్ళకూ బంధం వేయలేదు. బలమున్నవాడు రెండింతలు పరుగెత్తాడు, దారి వెదికిపెట్టాడు. బలం లేనివాడు ఆ దారినే నడిచాడు. చివరకు అందరూ ఒక్కచోటికి చేరారు. దారిలో మరొక ఆచారముంది. దారి దొరికిందా అని వెనకనుంచి కేకవేసి అడిగితే, ముందున్నవాడు జవాబు చెప్పి తీరాలి. వినిపించనట్టు పోకూడదు.

ఆ గిస్పర్ట్ 1942 ఫిబ్రవరిలో, జపాను సైన్యం సింగపూర్‌మీద పడినప్పుడు, బుకిట్ తిమా పోరాటంలో చనిపోయాడు. మేము ఆదివారాలు పరుగెత్తే ఈ కొండల చుట్టుపక్కలే. నాలుగు రోజులకు, ఫిబ్రవరి 15న, ఇదే రోడ్డుమీద ఉన్న ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో బ్రిటిషువారు లొంగుబాటు సంతకం చేశారు. ఆ సంఘం మాత్రం యుద్ధం తరవాత మళ్ళీ లేచింది. 1962లో సింగపూర్‌లో ఒక శాఖ వచ్చింది. ఆ తరవాత ప్రపంచమంతా పాకింది.

మరొక ఉదాహరణ న్యూజీలాండుది. ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇరుగుపొరుగు కుర్రాళ్ళకు పరుగు నేర్పాడు. ఆదివారాలు ఆక్లండ్ పక్క కొండల్లో ముప్పయ్యయిదు కిలోమీటర్లు పరుగెత్తించేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ పేట కుర్రాళ్ళు పీటర్ స్నెల్, మరే హాల్‌బర్గ్ ఒకేరోజు రెండు బంగారు పతకాలు గెలిచారు. మాకు నచ్చినది ఆ తరవాతి సంగతి. పతకాలు గెలిపించిన ఆ మనిషే, గుండెపోటు వచ్చి కోలుకున్నవారినీ, పొట్టలు పెరిగిన వ్యాపారస్తులనూ పోగుచేసి, మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగినంత వేగమే చాలునని నేర్పాడు. 1962 చివర అమెరికానుంచి బిల్ బవర్మన్ అనే పేరున్న కోచ్ వచ్చి వారితో బయలుదేరాడు. యాభై దాటిన మనిషి, తాను దిట్టంగానే ఉన్నాననుకున్నాడు. కొండ వచ్చేసరికి రొప్పుతూ వెనకబడ్డాడు. అప్పుడు డెబ్బై దాటిన, అంతకుముందు గుండెపోట్లు వచ్చిన ఒక వృద్ధుడు తన వేగం తగ్గించి, కబుర్లు చెబుతూ ఆయన్ను చివరిదాకా తీసుకువచ్చాడు. బవర్మన్ సిగ్గుపడి ఊరుకోలేదు. స్వదేశానికి తిరిగిపోయి మామూలు జనానికి నెమ్మది పరుగు నేర్పే తరగతులు పెట్టాడు, పుస్తకం రాశాడు. అమెరికాలో సామాన్యులు రోడ్డెక్కి పరుగెత్తడానికి ఆ ఉదయం కూడా ఒక కారణం. ఒక ముసలాయన ఆగినందువల్ల ఎంత దూరం పోయిందో చూడండి.

మా సొంత ఏర్పాటు ఇంతకంటే చిన్నది. ఏటవాలు రోడ్డు ఒకటి చూసుకుని, అందరమూ అడుగున ఒకే గీత దగ్గర నిలబడతాము. ఈల వేయగానే ఎవరి శక్తికొద్దీ వారు పైకి. ఒక్క నిమిషం కాగానే మళ్ళీ ఈల. ఎక్కడున్నవారు అక్కడే వెనక్కి తిరిగి నెమ్మదిగా దిగాలి. బలమున్నవాడు రెండువందల మీటర్లు పోయి ఉంటాడు, మరొకరు ఎనభై పోయి ఉంటారు. ఈల వేసిన క్షణంలో అందరికంటే వెనకున్నవారు అందరికంటే ముందవుతారు. అడుగు గీత దగ్గరికి మొదట వచ్చేది వారే, ఎక్కువ విశ్రాంతి దొరికేదీ వారికే. ఇలా ఆరుసార్లో ఎనిమిదిసార్లో. పడిన శ్రమ అందరిదీ ఒక్కటే, ఎక్కిన దూరమే వేరు. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు, ఎవరూ ఒంటరిగా మిగలలేదు. దూరాన్ని కొలత చేసుకుంటే మనుషులు విడిపోతారు, కాలాన్ని కొలత చేసుకుంటే కలిసి ఉంటారు. దిగేటప్పుడు పరుగు పందెం మాత్రం వద్దు. కిందికి దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. మర్నాడూ మూడోనాడూ మెట్లు దిగలేక గోడలు పట్టుకునేది ఆ దిగుడువల్లనే.

దీనితోపాటు మూడు నియమాలు పెట్టుకున్నాము. మొదటిది, ఎవరైనా "ఇక చాలు" అంటే ఎందుకని అడగకూడదు, ఇంకొక్కటి అనకూడదు. రెండవది, ఛాతీలోగాని దవడలోగాని చేతిలోగాని బిగింపు, కళ్ళు తిరగడం, శ్రమకు మించిన ఆయాసం ఉంటే గ్యాసు అనే మాట చెల్లదు. ఆ రోజుకు పరుగు బంద్, డాక్టరును చూడవలసిందే. మనిషి కుప్పకూలి ఊపిరి ఆడకపోతే 995కి ఫోను, ఛాతీమీద ఒత్తిడి, పరుగున పోయి షాకిచ్చే యంత్రం. అది ఇక్కడ చాలా బ్లాకుల కింద లిఫ్టు దగ్గర గోడకు ఉంటుంది. మూడవది, ఎవరైనా పొంతనలేని మాటలు మాట్లాడినా, తూలినా, అది అలసట అనుకోకూడదు. ఒంటి వేడి నలభై డిగ్రీలు దాటి మెదడుకు ఎక్కుతున్నదనుకుని, వెంటనే నీడకు చేర్చి, దొరికినంత చన్నీళ్ళు ఒంటిమీద పోయాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు.

ఈ మూడింటిలో పాటించడానికి కష్టమైనది మొదటిదే. చాలు అన్నవాణ్ణి చాలుననివ్వడం మనవాళ్ళకు చేతకాదు. పెళ్ళిలో విస్తరి దగ్గరే చేతకాదు, ఇక రోడ్డుమీద ఎలా వస్తుంది? కాని ఆ ఒక్కటి వచ్చినప్పటినుంచి మా గుంపులో ఒక మార్పు చూశాము. ఆగినా ఏమీ అనరని తెలిసినవారు మళ్ళీ వారం మానకుండా వచ్చారు. ఎంత ఎక్కువ నెడితే అంత తొందరగా మానేసేవారే, వదిలేస్తే నెలల తరబడి వచ్చి, తమంతట తాము ఇంకొక్కటి ఎక్కారు.

ఇక్కడితో ముగించవచ్చు. కాని మొదట్లో ఇది ఆటతో ఆగే ప్రశ్న కాదన్నాము. ఆ మాట చెల్లించాలి.

పరదేశంలో ఉన్న మన కుటుంబాలన్నీ ఏదో ఒక కొండ ఎక్కుతున్నవే. ఉద్యోగం, ప్రమోషను, పర్మనెంటు రెసిడెన్సు, ఇంటి అప్పు, ఆరో తరగతిలో పిల్లల పెద్ద పరీక్ష. అందరమూ ఒకే గీత దగ్గర బయలుదేరినట్టు కనిపిస్తాము. కాసేపటికి కొందరు ముందూ, కొందరు వెనకా. ఒక కుటుంబం ఉగాదికి వస్తుంది, సంక్రాంతికి రాదు. ఏమయిందంటే ఉద్యోగం పోయిందట, పాసు రద్దయి ముప్పయి రోజుల గడువిచ్చారట, పిల్లవాణ్ణి బడి మాన్పించి సామాను అమ్ముకుని వెళ్ళిపోయారట. మనకు తెలిసేసరికి ఇంట్లో ఇంకొకరు అద్దెకు దిగి ఉంటారు. అప్పుడు మనం ఏం చేస్తాము? కాఫీ తాగుతూ కారణాలు చెబుతాము. కొత్త విద్య నేర్చుకోలేదు. నోరు మంచిది కాదు. తాహతుకు మించి ఖర్చుపెట్టాడు. అన్నీ నిజమే కావచ్చు, ధర్మరాజు చెప్పినవీ నిజమే. కారణం చెప్పడంవల్ల చెప్పినవాడికి ఒక ధైర్యం వస్తుంది, ఆ తప్పు నాలో లేదు కాబట్టి నేను పడను అని. కారణాల్లో మన ఆసక్తి అంతా బహుశా అందుకే.

వారికి ఉద్యోగం ఇప్పించడం అందరి చేతిలోనూ లేదు. కొండ ఎవరికి వారే ఎక్కాలి, నిజం. కాని ఆ నెల రోజుల్లో వాళ్ళు ఎందుకు మనకు కనిపించకుండా పోయారు? సిగ్గువల్ల. "ఏం లేదమ్మా, గ్యాసు" అన్న ఆ సిగ్గే. ఆ సిగ్గు వాళ్ళలో పుట్టింది కాదు, మన చప్పట్లలో పుట్టింది. ఎక్కినవారికి మాత్రమే శాలువాలు కప్పి, ఎక్కినవారి పిల్లల మార్కులు మాత్రమే చదివి వినిపించే చోట, ఆగినవాడు మొహం ఎలా చూపిస్తాడు? మన సంఘాల్లో కూర్చోవడానికి ఒక గట్టు ఉందా అన్నది అసలు ప్రశ్న.

ముందున్నవాడి బాకీ ఎంత అంటే, మాకు తోచినంతవరకు ఇంతే. తన వేగం తాను వదులుకోనక్కరలేదు. వెనకనుంచి కేక వినిపిస్తే జవాబు చెప్పాలి. ఈల వేసినప్పుడు తిరిగి రావాలి. ఆగినవాడిని కారణం అడగకుండా పక్కన కాసేపు నిలబడాలి. ఇందులో గొప్ప త్యాగం ఏదీ లేదు, అందుకే దీన్ని తప్పించుకోవడానికి సాకు కూడా లేదు.

ఆదివారం పరుగయ్యాక బ్లాకు కింద కాఫీషాపులో రెండు బల్లలు కలిపి కూర్చుంటాము. అక్కడ తేతారిక్ గ్లాసు ముందు ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో లెక్క ఉండదు. రాదలచినవారు రావచ్చు. పరుగెత్తనక్కరలేదు, నడవవచ్చు. నడవలేకపోతే సరాసరి కాఫీషాపుకే రావచ్చు.